పాము ఏం చేయలేదు, తాడే చేసింది! ఆగిన రక్తం తిరిగొచ్చాక కండ ఎందుకు దెబ్బతింటుంది?

ఈ ఎపిసోడ్ చెయ్యాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించిన. ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేనే.

2021 ఆగస్టు. వర్క్ ఫ్రమ్ హోమ్ నడుస్తున్న రోజులు. హైదరాబాద్‌ల రూమ్ ఖాళీ చేసి కోరుట్ల దగ్గర మా ఊరికి వచ్చేసిన. పొద్దంతా ల్యాప్‌టాప్, సాయంత్రం పొలం. నాట్లు అయిపోయినయ్. ఒకరోజు రాత్రి ఏడు గంటలకు మోటర్ బంద్ చేద్దామని నేను, మా చిన్నబాపు పోయినం. ఒడ్డు మీద నడుస్తుంటే చిన్నబాపుకు చీలమండ కాడ ఏదో కరిచింది. టార్చ్ కొట్టేసరికి తోక ఒక్కటే కనిపించింది.

"కట్టురా, మీదికి ఎక్కకముందే కట్టు" అన్నడు. మోటర్ కాడ నైలాన్ తాడు ఉంది. మోకాలు పైన రెండు చుట్లు చుట్టిన. చేత్తో లాగితే వదులుగానే ఉందనిపించింది. సినిమాల్లో చూసినట్టు తాడు మధ్యలో కట్టె పెట్టి మెలేసిన. ఇంజనీర్ బుర్ర కదా, లివర్ వాడితే ఫోర్స్ పెరుగుతుందని తెలుసు! అంత టైట్‌గా కట్టినందుకు నాకు నేనే శభాష్ అనుకున్న.

ముందు పక్క ఊళ్లో పసరు మందు. అక్కడ రెండు గంటలు పోయినయ్. తర్వాత బండి దొరకడానికి ఇంకో గంట. దారిలో జగిత్యాల వచ్చింది. అక్కడ ఆగితే సరిపోయేది, కానీ "పెద్ద దవాఖానకే పోదాం" అని ఆగకుండా కరీంనగర్ పోయినం. కోరుట్ల నుంచి జగిత్యాల దాదాపు 25 కిలోమీటర్లు, అక్కడి నుంచి కరీంనగర్ ఇంకో 50. పైగా వాన. ఏడింటికి కట్టిన తాడు విప్పేసరికి అర్ధరాత్రి పన్నెండు దాటింది. అంటే ఐదు గంటలు.

డాక్టర్ చూసిన వెంటనే తాడు కొయ్యలేదు. ముందు సెలైన్ పెట్టిన్రు, గుండెకు మానిటర్ తగిలించిన్రు, ఇంజక్షన్లన్నీ పక్కన పెట్టుకున్నరు. అప్పుడు మెల్లగా విప్పిన్రు. తెల్లగా, చల్లగా ఉన్న కాలు కొన్ని నిమిషాల్లో ఎర్రబడింది. మేమందరం "హమ్మయ్య, రంగొచ్చింది, కాలు బతికింది" అనుకున్నం.

అసలు కథ అక్కడే మొదలైంది. రెండు మూడు గంటల్లో పిక్క రాయిలా గట్టిపడింది. కాలి బొటనవేలు కొంచెం కదిలిస్తే చాలు, చిన్నబాపు కేకలు పెట్టిండు. తెల్లారేసరికి మూత్రం చాయ్ డికాషన్ రంగులో వచ్చింది. ఆపరేషన్ చేసి పిక్కకు రెండు పక్కలా పొడుగ్గా కోసి తెరిచిన్రు.

ఇప్పుడు అసలు విషయం వినండి. పాము విషం పరీక్షలన్నీ నార్మల్. ఇరవై నిమిషాల్లో రక్తం గడ్డకట్టాలి, కట్టింది. కనురెప్పలు వాలలేదు. కాటు కాడ వాపు లేదు. ఒక రోజంతా గమనించినా విషం లక్షణం ఒక్కటీ కనిపించలేదు. అది విషం లేని పామో, లేకపోతే విషం ఎక్కించకుండా కరిచిన పామో. డాక్టర్ నాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "పాము ఏం చేయలేదయ్యా, తాడే చేసింది."

నాకు అర్థం కాని ప్రశ్న ఒకటే. తాడు ఉన్నప్పుడు దెబ్బ తగిలిందంటే సరే. విప్పినంక, రక్తం వచ్చినంక కాలు ఎందుకు ఎక్కువ పాడైంది? రక్తం రావడమే కదా మంచిది? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్నకు జవాబే. దీనికి డాక్టర్లు పెట్టిన పేరు రీపర్‌ఫ్యూజన్ ఇంజురీ. అంటే రక్తం ఆగి మళ్లీ పారినప్పుడు జరిగే నష్టం.

ముందు తాడు బిగించి ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కండలోని ప్రతి సెల్‌కు కరెన్సీ లాంటిది ఏటీపీ. దాన్ని ఆక్సిజన్‌తో తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలు మైటోకాండ్రియా. రక్తం ఆగితే ఆక్సిజన్ లేదు, ఫ్యాక్టరీ బంద్. ఫోన్ చార్జర్ పీకినట్టు సెల్ బ్యాటరీ మీదికి పోతుంది. దాచుకున్న క్రియాటిన్ ఫాస్ఫేట్ ముందు ఖర్చవుతుంది. తర్వాత కండలో నిల్వ ఉన్న గ్లైకోజన్‌ను ఆక్సిజన్ లేకుండానే కాల్చుకుంటుంది. దాంతో ఏటీపీ వచ్చేది కొంచెమే, లాక్టిక్ యాసిడ్ మాత్రం పేరుకుపోతుంది.

మెదడుకు రక్తం ఆగితే నిమిషాల్లోనే నష్టం మొదలవుతుంది. కండ అట్ల కాదు, కదలకుండా ఉంటే తక్కువ ఖర్చుతో నెట్టుకొస్తుంది. అందుకే మోకాలి ఆపరేషన్లలో సర్జన్లు తొడకు గాలి పట్టీ కట్టి రక్తం ఆపి మరీ పని చేస్తరు. కానీ వాళ్ల ముందు గడియారం ఉంటుంది, మామూలుగా రెండు గంటలు దాటనివ్వరు. మామూలు వేడిలో, రక్తం పూర్తిగా ఆగిన కండకు నాలుగు గంటలకు గట్టి నష్టం మొదలవుతుంది. ఆరు గంటలకు చాలావరకు తిరిగి రాని నష్టం. నేను కట్టిన తాడు ఐదు గంటలు ఉంది.

ఏటీపీ అయిపోయాక సెల్ గోడ మీది పంపులు ఆగుతయ్. మామూలుగా అవి సోడియాన్ని, కాల్షియాన్ని బయటికి నెడుతూ ఉంటయ్. అవి ఆగితే రెండూ లోపలికి చేరతయ్, వెనకాలే నీళ్లు. సెల్ ఉబ్బుతుంది. కానీ ఈ దశలో చాలా సెల్స్ ఇంకా బతికే ఉంటయ్. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు తాడు విప్పినం. ఇక్కడ సిరిసిల్ల మరమగ్గాల షెడ్డు ఒకటి ఊహించుకోండి. సాంచాలన్నీ నడుస్తున్నయ్, ఒక్కసారిగా కరెంట్ పోయింది. ఎవరూ స్విచ్‌లు ఆపలేదు. గంట తర్వాత కరెంట్ వచ్చింది. అన్ని మోటర్లు ఒక్కసారే లాగుతయ్. ఒక దగ్గర ఫ్యూజ్ పోతుంది, ఇంకో దగ్గర పోగులు తెగుతయ్. ఊర్లల్ల బావుల కాడ ఆటోస్టార్టర్లు పెట్టినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయింది ఇట్లనే. సాఫ్ట్‌వేర్ మిత్రులకైతే, సర్వర్ డౌన్ అయి లేవగానే లక్ష మంది ఒక్కసారే రీఫ్రెష్ కొట్టి దాన్ని మళ్లీ పడగొట్టడం. కరెంట్ తప్పు కాదు. ఆగిపోయిన సిస్టమ్ దాన్ని తీసుకునే స్థితిలో లేకపోవడమే సమస్య.

కండలోనూ ఇదే కథ. రక్తం ఆగిన టైంలో మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థం పేరుకుపోతుంది. ఆక్సిజన్ రాగానే అది ఒక్కసారిగా కాలుతుంది. లోపలి ఎలక్ట్రాన్ల లైన్ ఆ లోడ్ తట్టుకోలేక రివర్స్‌లో నడిచి ఎలక్ట్రాన్లు లీక్ అవుతయ్. అవి ఆక్సిజన్‌కు అతుక్కొని సూపర్ ఆక్సైడ్ అవుతుంది. మనం వినే ఫ్రీ రాడికల్స్‌లో ఇదొకటి. ఇది సెల్ గోడలను, ప్రొటీన్లను తినేస్తుంది. ఈ సక్సినేట్ సంగతిని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2014లో జంతువుల గుండె మీద చూపించిన్రు.

ఇంకోటి కాల్షియం. లోపల ఇప్పటికే నిండిపోయి ఉంది. ఏటీపీ కొంచెం రాగానే, ఆ కాల్షియం వల్ల కండ పోగులు విపరీతంగా ముడుచుకుంటయ్. ఇప్పటికే బలహీనపడిన గోడలు ఆ లాగుడుకు చిరిగిపోతయ్. బతికి ఉన్నయ్ అనుకున్న సెల్స్ ఇప్పుడు పోతయ్.

"ఇదంతా తాడు ఉన్నప్పుడే జరిగి, విప్పినంక బయటపడి ఉండొచ్చు కదా" అని మీకు డౌట్ రావాలి. నాకూ వచ్చింది. దీన్ని తేల్చిన పాత ప్రయోగం ఒకటి ఉంది, 1986లో వచ్చింది. పిల్లి పేగుల మీద చేసిన్రు. ఒక గుంపుకు నాలుగు గంటలు రక్తం తగ్గించి ఉంచిన్రు. ఇంకో గుంపుకు మూడు గంటలు తగ్గించి, నాలుగో గంట తిరిగి వదిలిన్రు. లెక్క ప్రకారం రెండో గుంపుకు నష్టం తక్కువ ఉండాలి. కానీ ఎక్కువ నష్టం రెండో గుంపుకే జరిగింది. అంటే తిరిగొచ్చిన రక్తం తనవంతు నష్టం తాను చేస్తుంది. అది పేగు, కండ కాదు. కానీ కండలోనూ దారి ఇదే.

తర్వాత వచ్చేది సైన్యం. దెబ్బతిన్న చోట నుంచి రసాయనాల సిగ్నల్ పోతుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఉరికొస్తయ్. వాటికి ఇది ఇన్ఫెక్షనా, తాడు దెబ్బా అన్న తేడా తెలియదు. సన్న రక్తనాళాల గోడలకు అతుక్కొని ఇంకా ఫ్రీ రాడికల్స్ వదులుతయ్. నాళాలు చిల్లుపడి నీరు బయటికి కారుతుంది. కొన్ని సన్న నాళాలు పూర్తిగా మూసుకుపోతయ్. అప్పుడు పెద్ద నాళం తెరిచి ఉన్నా, చివరి గల్లీల్లోకి రక్తం పోదు. హైవే క్లియర్, ఊళ్లోకి దారి బంద్.

ఇక వాపు. మన పిక్కలోని కండలు నాలుగు అరల్లో ఉంటయ్. ఒక్కో అర చుట్టూ ఫేషియా అనే గట్టి పొర, సాగదు. లోపల నీరు పెరిగితే బయటికి పోయే దారి లేక ప్రెషర్ పెరుగుతుంది. ఆ ప్రెషర్ సన్న నాళాలను నొక్కేస్తుంది. రక్తం మళ్లీ ఆగుతుంది, ఈసారి తాడు లేకుండానే. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటరు. మోసం ఏంటంటే, ఈ టైంలో పాదం మీద నాడి ఇంకా కొట్టుకుంటూనే ఉండొచ్చు. నాడి ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. దెబ్బకు మించిన నొప్పి, రాయిలాంటి పిక్క, వేళ్లు సాగదీస్తే ప్రాణం పోయే బాధ, తిమ్మిరి. ఇవి చూడాలి. చిన్నబాపు పిక్క కోసి తెరిచింది ఈ ప్రెషర్ దించడానికే. ఆ కోత లేకపోతే మోకాలు కిందిదంతా పోయేదని చెప్పిన్రు.

ఇప్పటిదాకా కాలు గురించే మాట్లాడినం. కానీ పగిలిన కండ సెల్స్‌లో ఉన్నదంతా రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. అందులో ముఖ్యమైనవి మూడు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. యాసిడ్ ఒళ్లంతా పాకుతుంది. మూడోది మయోగ్లోబిన్, కండలో ఆక్సిజన్ దాచే ఎర్ర ప్రొటీన్. అది కిడ్నీల సన్న గొట్టాల్లో ఇరుక్కొని వాటిని దెబ్బతీస్తుంది. డికాషన్ రంగు మూత్రం అదే. డాక్టర్ తాడు కొయ్యకముందే సెలైన్, మానిటర్ ఎందుకు పెట్టిండో ఇప్పుడు అర్థమైందా? కట్టు విప్పగానే విషమే కాదు, మన కండలోంచి వచ్చే సరుకు కూడా ఒక్కసారి గుండెకు చేరుతుంది.

ఇది ప్రపంచానికి బాగా తెలిసింది 1941లో. లండన్ మీద జర్మనీ బాంబులు పడుతున్న రోజులు. కూలిన ఇండ్ల కింద గంటల తరబడి ఇరుక్కున్న మనుషులను బయటికి తీస్తే మాట్లాడుతున్నరు, బాగానే ఉన్నరు. తర్వాత కాలు ఉబ్బింది, మూత్రం తగ్గింది, కిడ్నీలు ఆగినయ్. బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు డాక్టర్లు అలాంటి నాలుగు కేసులు రాసి పెట్టిన్రు. దాన్నే క్రష్ సిండ్రోమ్ అంటున్నం. 1999లో టర్కీ మర్మరా భూకంపం తర్వాత ఇదే కారణంతో 477 మందికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు కుదిరినప్పుడల్లా, శిథిలం కింద మనిషి ఉండగానే సెలైన్ మొదలుపెడతరు.

ఇక్కడ ఒకరు కామెంట్ పెడతరు, నాకు తెలుసు: "అన్నా, మరి రక్తం తిరిగి రానివ్వొద్దా?" కాదు బ్రో! రక్తం రాకపోతే కండ నూటికి నూరు పాళ్లు చస్తుంది. రక్తం రావాల్సిందే. తిరిగొచ్చాక ఎంత నష్టం జరుగుతుందన్నది ఎంతసేపు ఆగిందన్న దాని మీదే ఉంటుంది. ఎలుకల్లో, కుందేళ్లలో పనిచేసిన మందులు చాలా ఉన్నయ్. కానీ ఈ నష్టాన్ని ఆపడానికి మనిషి కాలికి రొటీన్‌గా ఇచ్చే మందు లేదు. మన చేతిలో ఉన్న అసలు మందు టైం ఒక్కటే.

అందుకే మన ఏరియాకు పనికొచ్చే మాటలు చెప్తా. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

పాము కరిస్తే తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. విషం ఎక్కువగా లింఫ్ దారిలో పోతుంది. మనం నడిస్తే, ఉరికితే కండలు దాన్ని పంపు కొట్టినట్టు పైకి తోస్తయ్. అందుకే కదలకుండా ఉంచడమే అసలు కట్టు. కర్రతో, తువ్వాలతో కాలు కదలకుండా వదులుగా కట్టండి, విరిగిన ఎముకకు కట్టినట్టు. మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు, కడియాలు తీసేయండి. 108కు కొట్టండి. విషానికి విరుగుడు సర్కారు దవాఖానలో ఉచితం. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో గవర్నమెంట్ మెడికల్ కాలేజీలు మొదలైనయ్. నాలాగా దగ్గరి దవాఖాన దాటి దూరం పోకండి.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెప్తున్నా అంటే, 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయిన్రని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క. ఎక్కువ మరణాలున్న ప్రాంతాల్లో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పాము అంటే భయపడాల్సిందే. కానీ ఆ భయంతో తాడు కడితే, విషపు పాము అయినా కాకపోయినా, తాడు నష్టం మాత్రం గ్యారంటీ. విషం నిజంగా ఎక్కి ఉంటే, తాడు దాన్ని ఆ కాలులోనే గుమిగూడేలా చేసి అక్కడి కండను ఇంకా కుళ్లబెడుతుంది.

ఎవరైనా ముందే కట్టేసి చాలాసేపైతే, దారిలో మీరే కోసేయొద్దు. దవాఖానకు తీసుకపోయి ఎన్నింటికి కట్టిన్రో చెప్పండి. ఫోన్ ఉంది కదా, కాలు ఫొటో ఒకటి తీయండి. టైం దాంట్లోనే ఉంటుంది. డాక్టర్‌కు ఆ ఒక్క నంబర్ చాలా విలువైంది.

కోత మిషన్‌లోనో, యాక్సిడెంట్‌లోనో చెయ్యి తెగి రక్తం చిమ్ముతుంటే లెక్క వేరు. ముందు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఎంత అదిమినా ఆగక ప్రాణం పోయేట్టు ఉంటే అప్పుడు పైన పట్టీ బిగించడం కరెక్టే, ప్రాణం ముఖ్యం. టైం రాసి పెట్టండి. మధ్యమధ్యలో వదులు చేయకండి.

ట్రాక్టర్ తిరగబడి మనిషి కింద పడితే వెంటనే తీయగలిగితే వెంటనే తీయండి. గంటలు గడిచిపోయి ఉంటే, వీలైనంత వరకు 108 సిబ్బంది పక్కన ఉండగానే బరువు లేపండి. దుబాయ్, మస్కట్ సైట్లలో పనిచేసే మన అన్నలు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. బరువు కింద నుంచి లేచిన మనిషి "నాకేం కాలే" అన్నా దవాఖానకు తీసుకపోండి. మూత్రం రంగు చూడమనండి.

ఎముక విరిగితే ఊళ్లో బొంగు బద్దలతో బిగించి కట్టేటోళ్లు ఉంటరు. కట్టు ఎవరు కట్టినా, వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంటగంటకు పెరిగినా ఆ రాత్రే విప్పించాలి, పొద్దుగాల చూద్దాం అనొద్దు. పిల్లల చేతులు వంకరపోయేది అట్లనే. చివరిది, బీడీ, సిగరెట్ తాగేటోళ్లు, షుగర్, గుండె జబ్బు ఉన్నోళ్లు ఇంట్లో ఉంటే వినండి. ఏ దెబ్బా లేకుండా ఒక కాలు సడన్‌గా చల్లబడి, తెల్లబడి, నొప్పి పుడితే అది నాళంలో గడ్డ కావొచ్చు. జండూబామ్ రాసి పడుకోబెట్టకండి. ఆ ఆరు గంటల గడియారం అప్పుడే మొదలైంది.

చిన్నబాపు సంగతి చెప్పి ముగిస్తా. సెలైన్లతోనే కిడ్నీలు గట్టెక్కినయ్, డయాలసిస్ దాకా పోలేదు. కాలు ఉంది. కానీ నరం దెబ్బతిని పాదం పైకి లేవదు. చెప్పు జారిపోతుందని బూటు వేసుకుంటడు. బురదలో దిగలేడు, అందుకే పొలం కౌలుకు ఇచ్చిండు. నేను ఎన్నిసార్లు సారీ చెప్పినా ఒకటే మాట అంటడు: "నువ్వు కట్టినవా, నేను కట్టమన్ననా? ఇద్దరికీ తెల్వదు. తెల్వనోళ్లకు చెప్పు."

అందుకే చెప్తున్నా. లైక్ కొట్టకపోయినా పర్లేదు, ఈ ఎపిసోడ్‌ను మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి. రాత్రి మోటర్ కాడికి పోయే మీ బాపుకు, మామకు ఒక్క ముక్క ఫోన్‌లో చెప్పండి: పాము కరిస్తే తాడు వెతకొద్దు, బండి వెతకాలి. మళ్లీ కలుద్దాం, నమస్తే.